నీళ్లదే తప్పు

ప్రాథమిక పాఠశాలల్లో ఉపాధ్యాయులు నిలవడం లేదన్న వాపోత ఈ మధ్య ఎక్కువైంది. యునెస్కో 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, ప్రపంచం మొత్తం మీద ప్రాథమిక స్థాయిలో ఏటా కొలువు వదిలిపోయేవారు 2015లో 4.6 శాతం ఉండగా 2022 నాటికి సుమారు 9 శాతమయ్యారు. ఇంతమాత్రానికే పని పరిస్థితులను శంకించడం తొందరపాటు. కుండ ఓటిదే కావచ్చు; అయినా నిలవాలన్న చిత్తశుద్ధి నీళ్లకు ఉండనక్కర్లేదా?

ఒకటో తరగతి గదినే చూడండి. రెండో పీరియడ్ నడుమ టీచరు గారికి మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుంది. నలభై మంది ఆరేళ్ల పిల్లలను ఒప్పజెప్పడానికి మరో మనిషి ఉండరు. ఇంటర్వెల్‌లో వెళదామంటే ఆ పది నిమిషాలూ ఆవిడకు వరండా కాపలా. అందుకని ఆవిడ బడి వేళల్లో మంచినీళ్లు తాగడమే మానేసింది. గిట్టనివారు దీన్ని సిబ్బంది కొరత అంటారు గానీ, నిజానికి ఇది ఉద్యోగి స్వచ్ఛందంగా చేపట్టిన నీటి పొదుపు. అలా ఎండిన గొంతుతో, పక్క గదిలోని ఎక్కాల హోరును మించి పాఠం చెప్పీ చెప్పీ ఆ గొంతు కాస్తా పూడుకుపోయిందనుకోండి, అదీ మన మంచికే. తరగతి గదిలో వెనక వినిపించే మోత 35 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. ఆ దిశగా ఒక గొంతయినా తగ్గింది కదా.

అదే సంస్థ, ఉద్యోగంలో మనిషి పూర్తిగా అలిసి చేతులెత్తేసే స్థితి జబ్బు కాదని 2019లో స్పష్టం చేసింది. జబ్బు కానప్పుడు సెలవెందుకు? పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల అది వస్తుందని కూడా అక్కడే రాసి ఉందిగానీ, అంత దూరం చదివే తీరిక యాజమాన్యాలకు ఎక్కడిది? అమెరికాలో ఇంగర్‌సోల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2001లో, కొరతకు అసలు కారణం పదవీ విరమణలు కావనీ, పైవారి అండ లేకపోవడం, నిర్ణయాల్లో తమ మాట చెల్లకపోవడం, చాలీచాలని జీతం వంటివాటి వల్లే చాలామంది వెళ్లిపోతున్నారనీ తేల్చాడు. పాపం, ఆయనకు ఒత్తిడి నివారణ శిక్షణ సంగతి తెలిసినట్టు లేదు.

ఆ శిక్షణ సెలవు రోజున మూడు గంటలు జరుగుతుంది. హాజరు తప్పనిసరి, రానివారు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఊపిరి పీల్చి వదలడం నేర్చుకున్నవారు, తమ ఒత్తిడి ఎంత తగ్గిందో ఆ రాత్రి లోగా యాప్‌లో నింపాలి. సర్వర్ మొరాయిస్తే తెల్లవార్లూ ప్రయత్నిస్తూ, నేర్చుకున్న ఊపిరిని అక్కడే సాధన చేయవచ్చు.

అయినా కొందరు వెళ్లిపోతారు. వారి రాజీనామా లేఖల్లో కారణం దగ్గర ఒక్కటే మాట ఉంటుంది: ‘సొంత కారణాలు’. వేరే ఏం రాసినా అనుభవ ధ్రువపత్రం చేతికి రావడం ఆలస్యమవుతుంది మరి. ఆ లేఖలన్నీ ఆఫీసు గదిలో భద్రంగా ఉన్నాయి. పని పరిస్థితులు నచ్చక వెళ్లినవారు ఇంతవరకు ఒక్కరూ లేరని ఎవరైనా సరే ఫైలు తెరిచి చూసుకోవచ్చు.