బీరువాకి మంటపెట్టి పాకం తీయుట

ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి అమెరికాలో మసాచుసెట్స్, న్యూహ్యాంప్‌షైర్ వైపు స్థిరపడ్డ మనవాళ్లలో ఒక కొత్త జాతి బయటపడుతోంది. పగలు కోడు రాస్తారు, సాయంత్రం చెట్లకి చిల్లులు పెడతారు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఆ కొద్ది వారాల్లోనే మేపుల్ చెట్టులో తియ్యనీరు కదులుతుంది. దాన్ని బకెట్లలో పట్టి, కట్టెల మంట మీద కాచి సిరప్ చేస్తారు. చేసుకోండి, ఎవరు వద్దన్నారు? కానీ చేసినవారు ఊరుకోరు. "మొత్తం ఫ్రీ అండీ! చెట్టు మనదే, కట్టెలు మనవే" అని గుళ్లో కనబడ్డ ప్రతివారికీ చెబుతారు. నాకు అక్కడే బీపీ లేస్తోంది.

సరే, ఆ ఫ్రీ లెక్కేదో చూద్దాం. ఆ నీటిలో తీపి నూటికి రెండు పాళ్లు. చెబితే తప్ప నాలుక్కి తెలీదు. 40 గ్యాలన్లు కాస్తే ఒక గ్యాలన్ సిరప్. మిగతా 39 ఆకాశానికి అర్పణం. వంటింట్లో కాస్తే ఆ ఆవిరికి గోడల మీది వాల్‌పేపర్ ఊడి చేతికొస్తుంది, కాబట్టి ఆరుబయటే కాచాలి. దానికి పొయ్యి కావాలి. కంపెనీ పొయ్యి వేల డాలర్లు. అందుకని మన ఇంజినీరు గారు ఏదో ఆఫీసు పారేసిన ఇనుప ఫైళ్ల బీరువాని ఇంటికి తెస్తారు.

దాన్ని వెల్లకిలా పడుకోబెట్టాలి. గ్రైండర్‌తో మూడు కంతలు కోసి, బఫేల్లో కూరలు పెట్టే స్టీలు ట్రేలు దింపాలి. ఒక చివర కట్టెలు పెట్టే తలుపు, రెండో చివర పొగగొట్టం. మంట ట్రేల అడుగుకి తగిలేలా లోపల ఇటుకలు పేర్చాలి. ముందు వట్టి మంట పెట్టి పెయింటంతా కాల్చేయాలి, ఆ వాసనకి ఇరుగుపొరుగు మనకి శాశ్వతంగా దూరమవుతారు. పాత సామాన్ల దుకాణంలో దొరికిందని సీసం టంకం వేసిన ట్రే మాత్రం తేకండి. నలభై వంతులు ఒక వంతయ్యేసరికి చిక్కబడేది తీపి ఒక్కటే కాదు, సీసం కూడా. ఇక వేగం అంటారా, ట్రే వైశాల్యంలో చదరపు అడుగుకి గంటకి సుమారు ఒక గ్యాలన్ ఆవిరవుతుంది. మూడు ట్రేలూ కలిపి అయిదు చదరపు అడుగులు. అంటే గ్యాలన్ సిరప్‌కి ఎనిమిది గంటలు, అదీ మంట తగ్గకుండా ఉంటే. అదే గ్యాలన్ బయట యాభై, అరవై డాలర్లకు దొరుకుతుంది. గంటకి మీ జీతమెంత అని అడిగి చూడండి, టాపిక్ మార్చేస్తారు.

ఈమధ్య ఒకాయన పెరట్లో ఈ వైభవం చూసే భాగ్యం నాకు కలిగింది. ట్రేకో థర్మామీటరు, అన్నీ ఫోన్‌కి కనెక్షన్, ఫోన్‌లో గ్రాఫులు. చెవిలో ఆఫీసు మీటింగు నడుస్తోంది. మ్యూట్ తీసి "నా వైపు అంతా సాఫీగా ఉంది" అని చెప్పి, మళ్లీ మ్యూట్ చేసి, మూడో ట్రేలో మరుగు ఆగిపోయిందని కేకపెట్టారు. వాళ్లమ్మగారు అనకాపల్లి దగ్గరి పల్లె నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. కోటు మీద శాలువా, దాని మీద ఇంకో శాలువా కప్పుకుని కాసేపు ఆ పొగలోకి చూసి, "ఏట్రా, బీరువాకి మంటెట్టినావు?" అన్నారు.

"ఎవాపొరేటర్ అమ్మా."

"మీ తాత బెల్లం పెనానికి ఇన్ని కన్నాలు లేవురా."

ఇంతలో నురగ పొంగింది. "ఓ సుక్క నూనెయ్యి, దిగిపోద్ది" అన్నారావిడ. "కాదమ్మా, ఇక్కడ వెన్న వేస్తారు" అంటూ ఆయన లోపలికి పరిగెత్తి, ఉప్పు లేని ఆర్గానిక్ వెన్న వెతికి తెచ్చేలోపు ట్రేలో సగం బీరువా పక్కల నుంచి మంటలోకి కారిపోయింది. మిగిలింది చిక్కబడుతుంటే ఆవిడ గరిటె ఎత్తి, దాని అంచున పాకం పలకలా జారడం చూసి "దించీ" అన్నారు. మేపుల్ సిరప్‌కి పేరుపడ్డ వెర్మాంట్ రాష్ట్రంలో ముసలివాళ్లూ అలాగే చూసి దించుతారు. ఆయన మాత్రం ఫోన్ చూశారు. ఫారెన్‌హీట్‌లో 219 రావాలి, ఫోన్ 216 అంటోంది. ఆయన ఫోన్‌నే నమ్మారు. మూడో ట్రే అడుగు ఇప్పుడు తారురోడ్డు.

మాడకుండా మిగిలినదాన్ని సీసాలో పోసి లైటుకెత్తి, "చూడండి ఎంత నల్లగా వచ్చిందో! డార్క్, రోబస్ట్!" అన్నారు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు.

అమెరికాలో నల్ల సిరప్‌ని ఒకప్పుడు బి గ్రేడ్ అనేవారు. జనం నాసిరకం అనుకుంటున్నారని 2015లో ఆ పేరు తీసేసి దానికీ ఏ గ్రేడే ఇచ్చారు. కెనడాలోని క్యూబెక్ రైతులైతే ధర పడిపోకుండా సిరప్‌ని గోదాముల్లో నిల్వ పెట్టుకుంటారు. 2011, 12ల్లో దొంగలు అక్కడినుంచి దాదాపు 3,000 టన్నులు ఎత్తుకుపోయారంటే అది ఎంత విలువైన సరుకో చూడండి. మరి అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మ నల్లగా ఉంటే? మూడో రకమని ధర కోస్తారు. తెలంగాణలో నల్లబెల్లం బస్తా కనబడితే గుడుంబాకేనని ఎక్సైజు వాళ్లు పట్టుకుంటారు. అందుకే రైతు పెనంలో బెల్లాన్ని తెల్లబరిచే హైడ్రోస్ మందు గుప్పుతున్నాడు. గుప్పించింది ఎవరు? మొన్న సంక్రాంతికి ఊరెళ్లి "ఇంతకంటే తెల్లది లేదా?" అని ముక్కు విరిచింది ఈ పెద్దమనిషే. కిలోకి అయిదు రూపాయలు తగ్గించమని పావుగంట పీడించి, చివర్లో "కల్తీ లేదు కదా?" అని అడిగింది కూడా ఈయనే. చెరుకు నరికి, గానుగాడి, పిప్పి ఎండబెట్టి, ఆ పిప్పి మంట మీదే తెల్లవార్లూ కాచేవాడిని ఎవడూ ఆర్టిజన్ అనలేదు. వాడి కొడుక్కి పిల్లనివ్వడానికే వెనకాడతారు. ఆఫీసు బీరువా తగలబెట్టినవాడు మాత్రం కళాకారుడు! సిగ్గుండాలి.

సీసాలు సిద్ధమయ్యాయట. అరచేతిలో పట్టే సీసా ఇరవై అయిదు డాలర్లు, లేబుల్ మీద "కట్టెల మంటపై, స్వహస్తాలతో" అని అందంగా రాసి ఉంటుంది. ఇష్టమైనవాళ్లు కొనుక్కోండి. బేరం మాత్రం ఆడకండి, ఆయన చాలా నొచ్చుకుంటారు.