ఊరి కమిటీ లెక్క ఎవరికి చెప్పాలి?

దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత 2025 డిసెంబరు ఎన్నికలతో మన తెలంగాణ పల్లెలకు మళ్లీ సర్పంచులొచ్చారు. అయినా నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లోని చాలా ఊళ్లలో ఇప్పటికీ సర్పంచి మాట కన్నా వీడీసీ మాటే చెల్లుబాటు. గ్రామాభివృద్ధి కమిటీ అని పేరు. కులానికి ఒకరిద్దరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు, అందులో ఆడవాళ్లు కనపడటం అరుదు. బెల్టు షాపు ఎవరు నడపాలి, కోడికూర ఎవరు అమ్మాలి అని వేలం పాడతారు. ఆ పైసలతో గుడి కడతారు, బడికి ప్రహరీ పెడతారు, బోరు వేయిస్తారు. పంచాయతీ ఖజానా ఎండిపోయిన కాలంలో ఈ పనులు జరిగాయంటే చాలాచోట్ల వీడీసీల పుణ్యమే. అది కాదనడం అన్యాయం.

చిక్కు ఎదురు చెప్పినవాడి దగ్గర వస్తుంది. ముందు తప్పు వేస్తారు. కట్టకపోతే డప్పు చాటింపు: ఫలానా ఇంటివాళ్లతో మాట్లాడితే ఇంత జరిమానా, మాట్లాడినవాళ్లను పట్టిస్తే ఇంత బహుమానం. తెల్లారేసరికి కిరాణా కొట్టులో ఉప్పు ప్యాకెట్టు పుట్టదు. దున్నడానికి ట్రాక్టరు రాదు. మంగలి కత్తి పట్టడు. ఇంట్లో లగ్గం పెట్టుకున్నా పత్రిక అందుకునే గడప ఉండదు. మామూలు అడిగినంత కట్టలేమన్న గీత కార్మికుల కుటుంబాలు, భూమి తగాదాలో పెద్దల తీర్పు ఒప్పుకోని రైతులు, గుడి మెట్లెక్కిన దళితులు, ఇలా ఎవరి మీదైనా ఇదే కొరడా. పోలీసులొస్తే ఊరంతా ఒక్కమాట మీద ‘ఏం లేదు సార్’ అంటుంది. అనకపోతే రేపు తమ వంతు వస్తుందని ఊరికి తెలుసు.

ఊరు కూడి పనిచేయడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. కూడే తీరులోనే తేడా ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో మొదలైన సహకార సంఘాన్నే చూడండి. చుట్టుపక్కల 14 ఊళ్ల రైతులది. అప్పు, విత్తనం, ఎరువు, పంట అమ్మకం అన్నీ సంఘంలోనే. సభ్యుడు ఇష్టపడి చేరాడు, వాటా కట్టాడు, కాబట్టి మహాజన సభలో లేచి అడిగే హక్కు అతనిది. అదే గడ్డమీద ఆడవాళ్లు పెట్టుకున్న స్వకృషి డెయిరీ 2002 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ పెత్తనం తగ్గించడానికి తెచ్చిన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడింది. పాలకవర్గం అంతా మహిళలే. పొద్దున పాలు పోసిన మనిషికి ఎన్ని లీటర్లో, వెన్న ఎంతో అక్కడే తెలుస్తుంది. లెక్క తేడా వస్తే అడగడానికి ఆమె పెద్దమనుషుల గడప తొక్కాల్సిన పని లేదు.

గీసుగొండ మండలం గంగదేవిపల్లిలోనూ కమిటీలే. నీళ్లకొకటి, కేబుల్ టీవీకొకటి, ఇంకా చాలా. బాధ్యతను అన్ని ఇళ్లకూ పంచి, పంచాయతీతో కలిసి నడిచాయి కాబట్టే ఆ ఊరు దేశానికి చూపించుకునే ఊరైంది.

పుట్టుకతో వచ్చే కట్టుబాట్లయినా గీత దాటాల్సిన అవసరం లేదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండులు జరుపుకునే నాగోబా జాతరలో మెస్రం వంశం కోడళ్లకు భేటింగ్ జరుగుతుంది. తెల్లచీరలు కట్టుకున్న కొత్త కోడళ్లను నాగోబాకు, పెద్దలకు పరిచయం చేస్తారు. ఆ తర్వాతే వాళ్లు వంశంలో కలిసినట్టు. ఎవరి పని ఏమిటో, ఏ క్రమంలో జరగాలో అందరికీ తెలుసు. వంశాచారాలన్నీ మంచివని మేము అనడం లేదు. కుల పంచాయతీల వెలి బాధ కూడా మనకు కొత్త కాదు. వీడీసీలకు మాత్రం పాత ఆచారానికుండే కట్టూ లేదు, కొత్త చట్టానికుండే జవాబుదారీతనమూ లేదు. రెండింటి అధికారం మాత్రం కావాలి.

ఈ బలం ఊరికే రాలేదు. నలుగురు పెద్దలతో మాట్లాడుకుంటే ఊరి ఓట్లన్నీ గుత్తగా వస్తాయన్న లెక్క ప్రతి పార్టీకీ ఉంది. సర్పంచి పదవినే వేలం వేసి ‘ఏకగ్రీవం’ అని ముద్దుగా పిలుచుకున్న ఊళ్లూ ఉన్నాయి. ఓటు లేకుండా వేలంలోనే తేలిపోయే ఈ ఎన్నికపై ఏ పార్టీ గట్టిగా నోరెత్తలేదు.

దళితులను, గిరిజనులను వెలివేస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. గౌడ్లను, రజకులను, ముదిరాజులను వెలివేస్తే? మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిషేధానికే విడిగా చట్టం చేసింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. గోదావరి అవతలి ఒడ్డున ఉన్న రక్షణ ఇవతలి ఒడ్డున ఎందుకుండకూడదు? శాసనసభ ముందుకు అలాంటి బిల్లు తేవాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. కమిటీలు వసూలు చేసిన ప్రతి రూపాయీ, ఖర్చు చేసిన ప్రతి రూపాయీ గ్రామసభలో చదివి వినిపించాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. జరిగితే అడగడానికి చోటు అదే. కొత్త సర్పంచులు ఆ పని చేస్తే వాళ్ల పదవికీ విలువ వస్తుంది.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. బెల్టు షాపే చట్టవిరుద్ధం. దానికి వేలం ఫలానా రోజని ఊరంతా తెలుస్తుంది, ఎక్సైజ్ స్టేషన్‌కు మాత్రం తెలియదంటే నమ్మేదెవరు? వచ్చే వేలం రోజున ఆ ఊళ్లోకి ఒక జీపు పంపమనండి.