సొంత ప్రోటోకాలట, సొంత ప్రోటోకాలు!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోతోంది. పాత తెలుగు సీడీల వివరాలు, అంటే ఏ డిస్కులో ఏ పాట, ఎవరు పాడారు అన్నవి, అందరం కలిసి ఒకచోట పోగేద్దామనుకున్నాం కదా. ఒక మేధావి గంటసేపు క్లాసు పీకాడు: "బ్లాక్‌చెయిన్ మీద పెడదాం, మనదే ఒక ప్రోటోకాల్ రాద్దాం." బ్లాక్‌చెయిన్ అంటే అందరి దగ్గరా కాపీలుండే, రాసింది చెరపలేని చిట్టా; ప్రోటోకాల్ అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి. ఎక్కించిన డిస్కులు మాత్రం సున్నా.

ఆ సొంత ప్రోటోకాల్ ముచ్చట సీడీడీబీ (కంప్యూటర్లో సీడీ పెడితే పాటల పేర్లు చెప్పే నెట్ డేటాబేసు) వాళ్ళు 90లలోనే తీర్చుకున్నారు నాయనా! దాని తర్వాత వచ్చిన అలాంటిదే ఉచిత డేటాబేసు, ఫ్రీడీబీకి 8880 అని విడిగా ఒక పోర్టు, అంటే నెట్‌లో రాకపోకలకు ఒక గుమ్మం. ఆఫీసు ఫైర్‌వాల్ దాన్ని దాటనిస్తే కదా! వెబ్‌పేజీలు వచ్చే మామూలు హెచ్‌టీటీపీ దారి కూడా తెరవక తప్పలేదు. పైగా సర్వరుకు 'హలో' చెప్పేటప్పుడే యూజర్ పేరు, కంప్యూటర్ పేరు చెప్పుకోవాలి. పాట పేరు అడగడానికి నా జాతకం ఎందుకో!

తెలుగు లిపి కావాలంటే ప్రోటోకాల్ లెవెల్ 6 దాకా ఆగాలి, అన్ని లిపులకూ పనికొచ్చే యూనికోడ్ అప్పుడొచ్చింది. పాటల వర్గాలు 11. అందులో జాజ్ ఉంది, రెగే ఉంది, కంట్రీ ఉంది. ఘంటసాల పద్యాలు? 'ఇతరములు'లో పడేయండి! డిస్కును గుర్తుపట్టే డిస్క్ ఐడీ చూస్తే ఎనిమిది అక్షరాలు, ట్రాకులు మొదలయ్యే చోట్లూ మొత్తం నిడివీ కలిపి లెక్కగట్టేది. రెండు వేరే డిస్కులకు ఒకటే ఐడీ రావచ్చు. మా అమ్మ సుప్రభాతం డిస్కు పెడితే ఎవరో రాక్ బ్యాండ్ పేరు వస్తుంది. దీన్ని ఏ బ్లాక్‌చెయిన్ బాగుచేస్తుంది?

నా అసలు మంట వేరే. సీడీడీబీలో ఉన్నది జనం రాత్రుళ్ళు కూర్చుని టైప్ చేసి పంపిన డేటా. అది కంపెనీ చేతికెళ్ళి గ్రేస్‌నోట్ అయింది, లైసెన్సు లేని ప్రోగ్రాములకు తలుపేసింది. 2008లో సోనీ 260 మిలియన్ డాలర్లకు కొనుక్కుంది. టైప్ చేసినవాళ్ళకు కాఫీ అయినా పోశారా? ఫ్రీడీబీ కూడా 2020లో మూతపడింది. కానీ డేటా మొత్తం ఎవరైనా దింపుకునేలా పెట్టారు కాబట్టి గ్నూడీబీ అనే మరో సైటు దాన్ని నడిపిస్తోంది. జనం నింపే ఇంకో పాటల డేటాబేసు మ్యూజిక్‌బ్రెయిన్జ్ అయితే గంటగంటకూ మార్పులు ప్యాకెట్లు కట్టి పంపుతుంది. మనకూ మామూలు హెచ్‌టీటీపీ, నెలకో డంపు (మొత్తం డేటా ఒకే ఫైలుగా), నాలుగిళ్ళలో నాలుగు కాపీలు చాలు.

అయినా మన ఆడియో కంపెనీలు కవర్ల మీద అన్ని పేర్లూ సరిగ్గా అచ్చేసి ఉంటే మనకీ తిప్పలేమిటి? వీణ వాయించినాయన పేరుకు చోటుండదు. హీరో మీసానికి మాత్రం సగం కవరు!