లెక్క 9.64 లక్షలు.. అందులో జాతులెన్ని?

ఫిబ్రవరి వచ్చిందంటే బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు గులాబీ రంగెక్కుతుంది. రోడ్డు పక్కన పూసిన టబెబుయాను ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు 'చెర్రీ బ్లాసమ్' అని రాస్తారు, వరసగా హార్ట్‌లు పడతాయి. అది అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి తెచ్చి నాటిన చెట్టు. చెర్రీతో దానికి చుట్టరికమే లేదు. గ్రూపులో పేరు తప్పితే పోయేదేం లేదు గానీ, అడవులు నరికే ఫైళ్లలోకీ ఇదే అలవాటు ఎక్కింది.

అండమాన్ నికోబార్ దీవుల్లో పోర్టు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కట్టే గ్రేట్ నికోబార్ ప్రాజెక్టు సంగతి తెలిసిందే. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమి, పోయే చెట్లు 9.64 లక్షలని 2023లో కేంద్రం అంచనా. బదులుగా మొక్కలు నాటేది ఎక్కడో తెలుసుగా, హర్యానాలో! చెట్టుకు చెట్టు సరిపోయిందట.

వర్షారణ్యంలో సర్వే చేసేవాళ్ల పని చూస్తే ఈ లెక్క ఎంత పలచనో తెలుస్తుంది. తాళ్లు కట్టి నేలను గళ్లుగా విడదీస్తారు. ఒక్కో చెట్టుకు ఛాతీ ఎత్తున, అంటే 1.3 మీటర్ల దగ్గర, టేపు చుట్టి నంబరు బిళ్ల తగిలిస్తారు. చెట్టు మొదట్లో వేళ్లు పలకల్లా విచ్చుకుంటే నిచ్చెనేసి వాటి పైన కొలవాలి. ఇంతవరకూ సులువే. పేరు దగ్గరే చెమటలు పడతాయి. ఆకులేమో 30 మీటర్ల ఎత్తున, పూత ఎప్పుడొస్తుందో తెలీదు. బెరడు గీరి వాసన చూస్తారు, రాలిన ఆకు నలిపి చూస్తారు. జాజికాయ కుటుంబపు చెట్టుకు గాటు పెడితే ఎర్రటి రసం కారుతుంది, అదో గుర్తు.

పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్లను ఇలా జల్లెడ పడితే సుమారు 300 జాతులు తేలాయి. మలేసియాలోని పాసోలో అంతే జాగాలో 800 దాటాయి. మన బెంగళూరు ఐఐఎస్సీ 1988లో తమిళనాడులోని ముదుమలైలో మొదలుపెట్టిన 50 హెక్టార్లలో 70 పైచిలుకే, అది ఆకురాల్చే అడవి కాబట్టి. ఈ మూడు చోట్లా 1 సెంటీమీటరు మందం ఉన్న మొక్కనూ వదల్లేదు. నాకు భలే నచ్చే నిబంధన ఇది. పైన కనిపించే మానులు నిన్నటి అడవి. కింద వేలెడు మందం పిల్లమొక్కలు మన మనవల నాటి అడవి. పైన మాను ఉండి కింద దాని పిల్ల ఒక్కటీ లేదంటే ఆ జాతికి రోజులు దగ్గరపడ్డట్టే.

అంత టైమెక్కడుంది, శాంపిల్ ప్లాట్లు, శాటిలైట్ చాలవా అంటారు. విస్తీర్ణానికైతే చాలు. కానీ వర్షారణ్యంలో చాలా జాతులు హెక్టారుకు ఒకటో రెండో ఉంటాయి, చిన్న ప్లాటుకు చిక్కవు. ఇక ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో హెక్టారు పైబడ్డ జాగాలో 10 శాతం చెట్ల నీడుంటే చాలు, జాతి ఏదైనా అది అడవి కిందే జమ. కొడగులో కాఫీ తోటా, దాని పక్కన ధూపద మరాలు (కన్నడంలో ధూపపు చెట్లు) నిలబడ్డ అడవీ ఆ లెక్కకు ఒకటే పచ్చ.

అసలు పేరు చెప్పే మనుషులేరీ? అడవిలో చెట్టును వాసనతో పట్టేది చాలాచోట్ల చుట్టుపక్కల గూడేల వాళ్లు, అదీ రోజు కూలీకి. మన దగ్గర డిగ్రీలో బీజెడ్సీ చేరానంటే 'అయ్యో, సీటు రాలేదా' అని ఓదారుస్తారు. బైపీసీలో మొక్కల కుటుంబాలు బట్టీపట్టిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. కాకపోతే వాళ్లంతా నీట్ లాంగ్ టర్మ్‌లో ఉన్నారు.