ధర్మవరం, రాయదుర్గాలను వదిలేసి కొత్త పార్కుల వెంట పరుగెందుకు?

రాయలసీమకు పరిశ్రమలు తెస్తామనని నాయకుడు లేడు. ఆ మాట ఎత్తిన ప్రతిసారీ చూపించేది ఒకటే బొమ్మ: వేల ఎకరాలు, చుట్టూ కంచె, ముందు శిలాఫలకం. 2024 ఆగస్టులో ఓర్వకల్లు, కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడూ ఇదే హడావిడి. అవి వస్తే మంచిదే. కానీ ఉక్కు ఫ్యాక్టరీ పేరుతో జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో, 2018లో, 2019లో, మళ్లీ 2023లో కొబ్బరికాయలు కొట్టి, ఒక్క టన్ను ఉక్కు కూడా చూడని మనం, ఖాళీ నేలమీద పెట్టుకునే ఆశలను కాస్త తగ్గించుకోవాలి. పరిశ్రమ ఇప్పటికే వీధివీధినా ఉన్న ఊళ్లు మన అనంతపురం సీమలోనే ఉన్నాయి. ముందు డబ్బు పెట్టాల్సింది అక్కడ.

ఒకే పని చేసేవాళ్లంతా ఒకేచోట ఎందుకు గుమిగూడతారన్న ప్రశ్నకు 1890లోనే ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త జవాబు చెప్పాడు. పని తెలిసిన మనుషులు అక్కడ దొరుకుతారు, కావాల్సిన సరుకు, సామాను అక్కడే దొరుకుతాయి, ఒకరి కిటుకు ఇంకొకరికి తెలిసిపోతుంది. ఆయన కళ్లముందున్నది షెఫీల్డ్ కత్తుల పరిశ్రమ. మనకు అంత దూరం పోవాల్సిన పనిలేదు, ధర్మవరం చాలు.

అక్కడ ఒక పట్టుచీర వెనక ఎంతమంది ఉన్నారో చూడండి. పట్టు వడికేవాళ్లు, రంగులద్దేవాళ్లు, మగ్గానికెక్కే నిలువు పోగులు, అంటే పడుగు తయారుచేసేవాళ్లు, డిజైన్ గీసి జకార్డ్ అట్టలకు రంధ్రాలు కొట్టేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, చివరికి మగ్గం మీద కూర్చున్న మనిషి. మగ్గం మీద పాత పడుగు అయిపోయిందంటే అచ్చు అతికేవాళ్లు రావాలి. వేల పోగులను, పాతదాని కొసకు కొత్తదాని కొస కలిపి, వేళ్లతో మెలిపెట్టి ఒక్కొక్కటే అతకాలి. పోగు తప్పితే చీరలో గీత పడుతుంది. ఆ పని చేసే మనిషి పక్క వీధిలో ఉంటేనే మగ్గం ఖాళీగా పడి ఉండదు. ఏ పారిశ్రామిక పార్కులో ప్లాటు కొంటే ఇంతమంది దొరుకుతారు? ఎన్ని కోట్ల రాయితీ ఇస్తే ఈ వేళ్లు తయారవుతాయి? తరాలుగా ఒక ఊరు కూడబెట్టుకున్న పెట్టుబడి ఇది. బ్యాంకు లెక్కల్లో మాత్రం దీనికి విలువ లేదు.

అసలు నష్టం ఈ గొలుసు తెగిన చోట జరుగుతోంది. హిందూపురం, మడకశిర వైపు రైతులు మల్బరీ వేస్తారు, పట్టుగూళ్లు పండిస్తారు. హిందూపురంలోనే గూళ్ల మార్కెట్ ఉంది. అయినా ఎంతోమంది రైతులు గూళ్లను కర్ణాటకలోని రామనగరం మార్కెట్‌కు ఎత్తుకుపోతారు. అక్కడ దారం తీస్తారు, ఆ పట్టు మళ్లీ మన మగ్గాలకే చేరుతుంది. జరీ సూరత్ నుంచి రావాలి. గూడు మనది, చీర మనది, మధ్యలో ఉన్న కూలీ, లాభం మాత్రం పక్క రాష్ట్రానిది. దారం తీసే యూనిట్లు హిందూపురం, ధర్మవరం మధ్య వెలిస్తే రైతుకు రవాణా ఖర్చు తగ్గుతుంది, నేతగాడికి పట్టు చేతికందే దూరంలో ఉంటుంది. ఒక్క లింకు పెట్టినా రెండు చివరలూ బలపడతాయి.

రాయదుర్గం కథా ఇలాంటిదే. పక్కనే బళ్లారి జీన్స్ కేంద్రం ఉంది. బట్ట కత్తిరించడం, కుట్టడం, గుండీలు వేయడం తెలిసిన చేతులు రాయదుర్గంలో ఇంటింటా ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది ఇంకొకరి బ్రాండుకు పీసు లెక్కన కుట్టేవాళ్లే. అక్కడ కావాల్సింది సొంత పేరుతో సరుకు అమ్ముకునే ఏర్పాటు, మురుగునీటిని శుద్ధిచేసే సదుపాయంతో కుట్టిన జీన్స్‌ను ఉతికే ఉమ్మడి వాషింగ్ కేంద్రం, ఇల్లు తాకట్టు పెట్టకుండా దొరికే అప్పు. ఒక పెద్ద కంపెనీకి ఇచ్చే రాయితీలో చిన్న వాటా చాలు వీటికి.

కియా కార్ల ఫ్యాక్టరీ రాలేదా, పెనుకొండ మారలేదా అని అడిగేవాళ్లుంటారు. 2017లో ఒప్పందం జరిగింది, 2019లో కారు బయటికొచ్చింది, ఉద్యోగాలూ వచ్చాయి, కాదనను. ఊరంతా ఒకే పని మీద బతికితే ఆ పని దెబ్బతిన్ననాడు ఊరంతా మునుగుతుందన్న మాటలోనూ నిజముంది. 2020 లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగినప్పుడు ఆ బాధ చూశాం. కానీ కియా వెంట దాని కొరియా విడిభాగాల కంపెనీలు కూడా వచ్చి పక్కనే దిగాయంటే, వాటికి గుంపు విలువ తెలుసు కాబట్టే. గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్లు ఇచ్చి మరీ కొరియా గుంపును నిలబెట్టిన ప్రభుత్వం, హిందూపురం దగ్గరి తూముకుంట పారిశ్రామికవాడలో ఇనుప భాగాలు చెక్కే చిన్న లేత్ షాపును ఆ గుంపులో కలపడానికి అంతే పట్టుదల చూపాలి కదా. ఒకే పని ప్రమాదమనుకుంటే దానికీ మందు అదే. పట్టుకు తోడు రెడీమేడ్, దానికి తోడు విడిభాగాలు, ఇలా ఉన్న నైపుణ్యం నుంచే కొత్తది పుట్టాలి.

ఇది జరగకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, నిర్ణయం మన చేతుల్లో లేకపోవడం. ధర్మవరానికి ఏం కావాలో ధర్మవరం మున్సిపాలిటీ తేల్చుకోలేదు. 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది 1992లో. ఆర్థిక, సామాజిక అభివృద్ధి ప్రణాళికను పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల్లో అది స్పష్టంగా చేర్చింది. మన మున్సిపాలిటీలు ఇప్పటికీ చెత్త, కొళాయి, వీధి దీపాలు దాటి రాలేదు. పార్కు ఎక్కడ, రాయితీ ఎవరికి అన్నది రాజధానిలో తేలుతుంది. రాజధానిలో కూర్చున్నవాళ్లకు రిబ్బన్ కట్ చేసే గేటు కావాలి. అచ్చు అతికే మనిషికి గేటు ఉండదు, కాబట్టి ఫైలూ ఉండదు. 1953లో కర్నూలులో రాజధాని దక్కి మూడేళ్లకే పోగొట్టుకున్న సీమకు ఈ బాధ కొత్తది కాదు. హైదరాబాద్‌లో అన్నీ ఒకేచోట పోగేసి 2014లో ఏమైందో చూసిన రాష్ట్రం, అధికారాన్ని మాత్రం మళ్లీ ఒకేచోట ఎందుకు పోగేస్తోంది?

వచ్చే బడ్జెట్‌లో ధర్మవరం, రాయదుర్గంతో పాటు బండల పనికి పేరున్న తాడిపత్రి, బేతంచెర్లలకు విడివిడిగా నిధి పెట్టాలి. దాన్ని ఖర్చుపెట్టే కమిటీలో మున్సిపాలిటీతో పాటు నేత కార్మికులు, కుట్టుపనివాళ్లు, బండల ఫ్యాక్టరీల వాళ్లు ఉండాలి. హిందూపురంలో దారం తీసే యూనిట్లకు, రాయదుర్గంలో వాషింగ్ కేంద్రానికి మొదటి ఏడాదే పని మొదలవ్వాలి. సీమ ఎమ్మెల్యేలు, ఏ పార్టీవాళ్లయినా సరే, అసెంబ్లీలో ఈసారి పట్టుబట్టాల్సింది దీనికోసం.