ట్రీట్‌మెంట్ అయ్యాక మొదలవ్వాల్సిన ఆట

మూడేళ్లకే కీమో అయిపోయిన పిల్లాడికి ఏం గుర్తుంటుంది చెప్పండి. జుట్టు ఊడిందని అమ్మ చెప్తే తెలుస్తుంది, లేదా పాత ఫోటో చూస్తే. ఏ మందు ఎక్కించారు, ఎంత డోసు, రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు ఇవన్నీ ఒక ఫైల్లో ఉంటాయి, ఆ ఫైలు బీరువాలో ఉంటుంది, పిల్లాడు పెద్దయ్యి ఇంకెక్కడికో వెళ్లిపోతాడు, ఫైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే క్యాన్సర్ తగ్గిన పిల్లలకి ఇవన్నీ నేర్పే ఒక వీడియోగేమ్ కావాలంటున్నాం.

2002లో వచ్చిన ఒక అమెరికా సర్వేలో, చిన్నప్పుడు క్యాన్సర్ తగ్గి పెద్దవాళ్లైన 635 మందిని అడిగారు. అప్పటి ట్రీట్‌మెంట్ వల్ల ముందు ముందు పెద్ద సమస్యలు రావచ్చని తెలిసినవాళ్లు 35 శాతమే. డానోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కించుకున్నవాళ్లలో, ఆ పేరు చెప్పి అడిగినా అవును తీసుకున్నాం అన్నది 30 శాతం. ఆ మందు గుండె కండరాన్ని బలహీనం చేయొచ్చు, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. సిస్‌ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు వల్ల వినికిడి తగ్గొచ్చు. ఛాతీకి రేడియేషన్ పడిన అమ్మాయిలైతే రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్ మిగతావాళ్లకంటే చాలా ముందే మొదలుపెట్టుకోవాలి. ఇవి తెలియకపోతే టెస్టుకి ఎందుకు వెళ్తారు?

ఇవి కరపత్రంలో రాసిస్తే పన్నెండేళ్ల పిల్లలు చదవరు. ఆటలో పెడితే వింటారు, దీనికి రుజువు కూడా ఉంది. 2006లో వచ్చిన రీ-మిషన్ అనే వీడియోగేమ్‌లో రాక్సీ అనే చిన్న రోబో ఒంట్లోకి దూరి క్యాన్సర్ కణాల్ని కాలుస్తుంది. 34 ఆస్పత్రుల్లో 13 నుంచి 29 ఏళ్ల పేషెంట్లు 375 మంది మీద పరీక్షించి 2008లో ఫలితాలు ఇచ్చారు, ఆ గేమ్ ఆడినవాళ్లు మందులు ఇంకాస్త క్రమంగా వేసుకున్నారు, జబ్బు గురించి ఎక్కువ తెలుసుకున్నారు. మాకైతే ఇది చిన్న విషయం అనిపించట్లేదు.

కానీ అది ట్రీట్‌మెంట్ నడుస్తున్నవాళ్ల కోసం చేసిన ఆట. జబ్బు తగ్గాక కాల్చడానికి శత్రువు ఎవరూ ఉండరు కదా, ఉండేది ఏళ్ల తరబడి జాగ్రత్తగా చూసుకోవాల్సిన గుండె, చెవి, థైరాయిడ్. కాబట్టి అదే ఆటకి కొత్త రంగులేసి వీళ్ల చేతిలో పెడితే సరిపోదు. ముఖ్యంగా ఓడిపోయే ఆట అసలు వద్దు అంటున్నాం. సిగరెట్ ముట్టకపోవడం, టైముకి ఎకో (గుండె స్కాన్) తీయించుకోవడం పిల్లల చేతిలో ఉన్నాయి, నిజమే, కానీ గుండె బలహీనపడితే అది వాళ్ల తప్పు కాదు, స్క్రీన్ మీద గేమ్ ఓవర్ అని పడితే ఆ పసి మనసు నేనే ఏదో తప్పు చేశాను అనుకుంటుంది, ఆ భారం ఆస్పత్రిలో మోసింది చాలదా.

ఇంకోటి, అందరికీ ఒకే ఆట పనికిరాదు. ఆ పిల్లాడు తీసుకున్న మందులేవో, వాడి ట్రీట్‌మెంట్ వివరాలేవో అవే అందులో ఉండాలి, లేకపోతే తనకి సంబంధం లేని భయాలన్నీ నెత్తినెక్కుతాయి. ఆ వివరాలు ఇవ్వాల్సింది ఆస్పత్రి, ఆడాక పిల్లలు అడిగే ప్రశ్నలకి ఓపిగ్గా కూర్చుని జవాబు చెప్పాల్సిందీ ఆస్పత్రే. యాప్ ఇచ్చాం కదా అని ఫాలోఅప్ క్లినిక్ తలుపు మూసేస్తే మాత్రం మేము ఒప్పుకోం.

చివరి లెవెల్ ఎలా ఉండాలంటే, ఎదురుగా ఒక కొత్త డాక్టర్, ఈ పిల్లాడి గురించి ఏమీ తెలియదు, ఫైలు లేదు, అమ్మానాన్నా పక్కన లేరు. నాకు ఏ జబ్బు వచ్చింది, ఏ మందు ఎక్కించారు, ఇప్పుడు ఏ టెస్టు కావాలి, మొత్తం పిల్లాడే చెప్పాలి.