గెడ్డను గెడ్డ అనే రాయండి

రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎత్తు రాసి ఉంటుంది. ఏ సముద్రం, ఎక్కడి మట్టం అని ఎవరమూ అడగం. దేశంలో ఎత్తుల లెక్కకు 1909లో ఖరారైన ప్రమాణం తొమ్మిది రేవుల్లో కొలిచిన ఆటుపోట్ల సగటు మీద నిలబడింది. ఆ తొమ్మిదింటిలో విశాఖపట్నం ఒకటి. అంతకుముందే, 1860ల్లో, దేశాన్ని త్రిభుజాలుగా విడదీసి కొలిచిన త్రికోణమితి సర్వే తన ఆధార రేఖల్లో ఒకదాన్ని ఇక్కడే వేసుకుంది. ఇంత కొలతల చరిత్ర ఉన్న చోట, సొంత పొలం పటాన్ని ఎటు నుంచి చూడాలో తెలియక రైతు దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. తప్పు అతనిది కాదు, పటంలోని మాటలది. ఆ మాటల మధ్య గెడ్డ లాంటి ఊరి మాట కనుమరుగైపోతోంది కూడా.

సర్వే భాషలో ఎన్నో కాలాలు పొరలు పొరలుగా పేరుకున్నాయి. పోరంబోకు, అడంగల్ తమిళం నుంచి వచ్చాయి. దస్త్రం, రస్తా పారశీకం. సెంటు ఇంగ్లిష్ మాట అంటే పల్లెలో నవ్వుతారు, అంతగా మనదైపోయింది. 66 అడుగుల గొలుసు, అందులో వంద లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం, అందులో నూరో వంతు సెంటు. అంటే 48.4 చదరపు గజాలు. విశాఖ దగ్గరి ఆనందపురంలో రైతు సెంట్లలో అమ్ముతాడు, నగరం నుంచి వచ్చినవాడు గజాల్లో కొంటాడు, ఆఫీసు కాగితం హెక్టార్లలో మాట్లాడుతుంది. బేరంలో ‘సెంటుకి నలభై ఎనిమిది గజాలే కదా’ అని ఒక్క మాట జారితే ఎకరానికి 40 గజాలు గాలికి పోతాయి. మధురవాడ వైపు ధరల్లో అదెంతో చెప్పనక్కర్లేదు.

పాత ఎఫ్‌ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం, చూడటానికి భయపెడుతుంది గానీ లోపల ఉన్నది సులువైన పనే. పొలాన్ని త్రిభుజాలుగా చీలుస్తారు. గట్టు ఎక్కడ వంపు తిరిగితే అక్కడికి, గొలుసు లాగిన గీత నుంచి లంబంగా దూరం కొలుస్తారు. దాన్నే ఆఫ్‌సెట్ అన్నారు. హద్దురాయి చెక్కుచెదరకుండా ఉంటే మళ్లీ కొలిచి సరిచూసుకోవచ్చు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో గొలుసు పోయి రోవర్ వచ్చింది. ఉపగ్రహాల సంకేతాన్ని భూమ్మీది స్థిర కేంద్రాల సాయంతో సవరించి సెంటీమీటర్లలో తేలుస్తుంది. పరికరం మంచిదే, ఆ విషయంలో మాకు పేచీ లేదు. కానీ అది చెప్పేది అక్షాంశ రేఖాంశాల అంకెల్లో. వాటిని రైతు టేపుతో సరిచూసుకోలేడు. పైగా తాతల నుంచి నోట్లో ఆడిన సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చింది. కొన్నిచోట్ల నలుగురి భూమి ఒకే జాయింట్ ఎల్‌పీఎం కింద పడింది. ఆ ‘జాయింట్’ అన్న మాట చూసి టెన్షన్ పడని అన్నదమ్ములు ఉండరు.

ఇక నోటీసుల సంగతి. సర్వే, సరిహద్దుల చట్టం 1923 నాటిది. దాని కింద ఇచ్చే తొమ్మిది-రెండు నోటీసు, అంటే సెక్షన్ 9(2) నోటీసు, మీ హద్దు ఇలా తేల్చామని చెబుతుంది. నచ్చకపోతే అప్పీలు చేసుకోవాలి. సర్వే ముగిసిందని పదమూడో సెక్షన్ నోటిఫికేషన్ వెలువడ్డాక సివిల్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. ఈ రెండు ముక్కలూ నోటీసు పైన పెద్ద అక్షరాల్లో, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఎందుకు ఉండకూడదు? సెక్షన్ల నంబర్లు అడుగున రాసుకున్నా నష్టం లేదు.

మాటలు మార్చడం వేరు, మాటలు పోగొట్టుకోవడం వేరు. మా అసలు ఆందోళన రెండోదాని గురించి. గెడ్డ ఉత్తరాంధ్ర మాట. కొండ మీద వాన పడితే ఉరికి వచ్చి, ఎండల్లో ఇసుక మేటగా మిగిలే నీటి దారి. అది కాలువ కాదు, డ్రెయిన్ అసలే కాదు. మేహాద్రి గెడ్డ జలాశయమై నీళ్లిస్తోంది గనుక దాని పేరుకు ఢోకా లేదు. విశాఖ నగరం మధ్యలోని ఎర్రిగెడ్డ, గంగులగెడ్డల గతి వేరు. డ్రెయిన్ అని రాసిన క్షణం నుంచి దాని వెడల్పు మనిషి ఇష్టం: గోడ కట్టొచ్చు, పలక వేసి కప్పొచ్చు, మలుపు తిప్పొచ్చు. గెడ్డకు మాత్రం తన వెడల్పు తనకుంటుంది. సింహాచలం కొండల నుంచి సముద్రానికి నీళ్లు ప్రయాణించే దూరం తక్కువ, వేగం ఎక్కువ. పటంలో పేరు పోయిన గెడ్డ భారీ వానొస్తే ఎవరి వాకిట్లోకి వస్తుందో నగరవాసులకు కొత్తగా చెప్పాలా?

గరువు (మెట్ట నేల), చెరువు గర్భం, గయాలు (సాగు లేక వదిలేసిన భూమి) వంటి మాటలదీ ఇదే వరస. వీటిని కొత్త పటాల్లో ‘ప్రభుత్వ భూమి’ అనే ఒక్క గడిలో కుక్కేయకూడదు. సర్వే శాఖ జిల్లాకొక మాటల పట్టిక తయారు చేసి, ఊళ్లో పలికే పేరును కొలతతో పాటే నమోదు చేయాలి. అందుకు వయసు మళ్లిన ఇద్దరు ముగ్గురిని రోవర్ వెంట నడిపించడానికి ఒక పూట చాలు. ఏప్రిల్లో వచ్చిన సర్వేయరుకు గెడ్డ నాలుగు అడుగుల ఇసుక గీతలా కనిపిస్తుంది. అక్టోబరు తుపానులో అది ఎక్కడిదాకా పొంగిందో, ఏ చింతచెట్టు మొదలు తడిసిందో ఆ ముసలాళ్లకు తెలుసు.